ఆలస్యముగా వచ్చిన నీలివర్ణము



ఈ స్నాతకోత్సవ వేదికనుండి పట్టభద్రులకు హితోపదేశము చేయుట ఆచారము. కాని జీవరసాయనమును బోధించుచు ఇంతకాలము గడపిన నాకు, మీ ప్రతి కణమునందును ఈ క్షణమున సాగుచున్న ఒక మహావ్యాపారమును గూర్చి ముచ్చటించుటకంటె ప్రియమైన పని వేరొకటి తోచలేదు.

మనము తిన్న అన్నము చక్కెరయై, ప్రాణవాయువుతో కలసి, తుదకు నీరుగను బొగ్గుపులుసు వాయువుగను పరిణమించునని చిన్ననాడే చదివితిరి. కట్టె మండినను జరుగునది ఇంచుమించు ఇదియే. ఐనను కట్టెలోని శక్తి ఒక్కుమ్మడి వేడియై ఎగసిపోవగా, కణము చక్కెరను మెట్టుమెట్టుగా దించి, చిక్కిన శక్తిని ఎడినోసీన్ ట్రైఫాస్ఫేటు, అనగా ఏటీపీ, అను చిల్లర రూకలుగా మార్చుకొనును. ఈ రూకలను కూడబెట్టు కోశాగారము దేహమున లేదు. కండరములోని నిలువ కొన్ని సెకనుల శ్రమకే సరి. కావున అవి క్షణక్షణము వ్యయమగుచు, క్షణక్షణము మరల పుట్టుచుండవలెను.

ప్రాణవాయువు అందని తావున, పాలను తోడుపెట్టు సూక్ష్మజీవులు గాని, పిండిని పొంగించు ఈస్టు గాని, గ్లూకోజును సగములో విడిచి, అణువునకు రెండు రూకలతో తృప్తిపడును; శ్వాసక్రియ అదే అణువునుండి దాదాపు ముప్పది రాబట్టును. పరుగున అలసిన మన కండరము సైతము ఈ కిణ్వనమునే ఆశ్రయించి లాక్టికామ్లమును పుట్టించును. అందుచేతనే 1920ల నాటి శాస్త్రజ్ఞులు ఆ ఆమ్లమే కండర సంకోచమునకు మూలమని నమ్మిరి.

ఆ నమ్మకమును కదలించినవారిలో ఒకరు 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, హార్వర్డు చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఫిస్కే అను ఆచార్యునితో కలసి ఆయన భాస్వరమును నీలివర్ణపు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. కండరరసమును పరీక్షించునపుడు మాత్రము ఆ నీలిమ రావలసినంత త్వరగా రాకుండెను. వేరొకరైనచో పాత్ర శుభ్రముగా లేదని తలచి పారబోసి యుందురేమో! వారు ఆ ఆలస్యమునే వెంబడించి, సులభముగా విడిపోవు ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును 1927లో లోకమునకు చూపిరి. వ్యయమైన ఏటీపీని తక్షణము పూరించు నిధి అదియే. 1929లో ఏటీపీని సైతము కనుగొనిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమాన్ అను శాస్త్రజ్ఞుడు స్వతంత్రముగా కనుగొనెను. మరుసటి యేడు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్, లాక్టికామ్లము పుట్టకుండ విషప్రయోగము చేసిన కండరము సైతము సంకోచించునని నిరూపించెను.

సుబ్బారావుగారు 1948లో కన్నుమూసిరి. ఆ రూకలు ముద్రితమగు విధము అప్పటికి తెలియదు. కణములోని సన్నని పొరకు ఒక వైపున ప్రోటానులు ఆనకట్ట వెనుక నీటివలె పోగుపడి, క్రిందికి దిగుచు ఏటీపీని పుట్టించునని పీటర్ మిచెల్ అను శాస్త్రజ్ఞుడు 1961లో సూచింపగా, లోకము చాలకాలము నమ్మలేదు. ఆ ప్రవాహమునకు తిరుగు సూక్ష్మచక్రము నేడు మనకు సుపరిచితము. ఆకులోని హరితరేణువునందును అట్టి పొరయే, అట్టి చక్రమే. అక్కడ ప్రోటానులను ఎగద్రోయునది సూర్యరశ్మి, ఇక్కడ మనము తిన్న అన్నము. ఈ ప్రాంగణపు వేపాకులలో ఎండ త్రిప్పుచున్నదియు, ఆ నీడన నిలిచి ఊపిరి తీయుచున్న మీలో తిరుగుచున్నదియు ఒకే పోలికగల చక్రములు.