జవాబు ఎవరి అడ్రసు నుంచి వెళ్లాలి?
(వార్షిక సమావేశంలో ఉత్తరాల విభాగం తరఫున చేసిన ప్రసంగం)

వారానికి దొరికేది ఒక్క శుక్రవారం. బట్టలు ఉతుక్కోవాలి, ఇంటికి ఫోన్ చేసుకోవాలి, కాస్త నడుం వాల్చాలి. అవన్నీ పక్కన పెట్టి ఫాహాహీల్ నుంచి, జహ్రా నుంచి బస్సెక్కి వచ్చారు. అందుకే మీ టైము వృథా చేయకుండా ఒక్క విషయమే చెబుతాం. వినడానికి చిన్న విషయం. మేము మాత్రం దాన్ని దెబ్బ తిని నేర్చుకున్నాం.

మన వేదికకు ఒక మెయిల్ అడ్రసు ఉంది. కరపత్రం మీద, ఈ పుస్తకం వెనక అట్ట మీద అదే వేస్తున్నాం. జీతం రాలేదని, పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉందని, అకామా అయిపోయిందని మనవాళ్లు దానికే రాస్తారు. రాసేది వేదికకే. కానీ పోయినేడాది దాకా జవాబులు ఎక్కడి నుంచి వెళ్లేవి? మాలో ఎవరికి వీలైతే వారు తమ సొంత ఫోన్లో, సొంత అడ్రసు నుంచి పంపేవాళ్లం. సాయం చేస్తున్నాం కదా, ఏ అడ్రసు అయితే ఏముంది అనుకున్నాం.

రాజంపేట దగ్గరి తమ్ముడు ఒకాయన అయిదు నెలల జీతం రాలేదని రాశాడు. మాలో ఒకరు డ్యూటీ మధ్యలో ఫోన్ తీసి జవాబు ఇచ్చారు. మెయిల్ అడుగున ఆయన పేరు, కంపెనీ పేరు, హోదా, ఫోన్ నంబరు వాటంతట అవే వెళ్లిపోయాయి. ఆ తమ్ముడు అమాయకంగా, "చూడండి, నాకూ మనుషులున్నారు" అని దాన్ని తన మేనేజరుకు చూపించాడు. రెండో రోజుకల్లా మావాడి ఆఫీసుకు ఫోన్ వచ్చింది: మీ మనిషి మా వ్యవహారంలో ఎందుకు తలదూరుస్తున్నాడని. ఆయన తన మేనేజరు ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. వీసా ఆ కంపెనీ మీదే, పిల్లల చదువూ ఆ జీతం మీదే. ఉద్యోగం నిలిచింది, కానీ నెల రోజులు ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు.

నష్టం అంతటితో ఆగలేదు. జవాబు సొంత అడ్రసు నుంచి వెళ్లింది కాబట్టి ఆ తమ్ముడు తర్వాతి మెయిళ్లూ అక్కడికే రాశాడు. అవి మన పెట్టెలోకి రాలేదు. ఆ సమయంలో మావాడు సెలవు మీద ఊరికి వెళ్లాడు. "ఆదివారం లేబర్ ఆఫీసుకు రమ్మన్నారు, అరబీ వచ్చినవాళ్లు ఎవరైనా తోడు వస్తారా?" అని అడిగిన మెయిల్ తెరవకుండా పడి ఉంది. తమ్ముడు ఒంటరిగా వెళ్లాడు. అరబీ కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టాడు. మూడు నెలల జీతం ముట్టిందని అందులో ఉంది. చివరికి చేతికొచ్చింది రెండు నెలల జీతమే. ఆ మూడు నెలల లెక్క మేము ఈ రోజుకీ మర్చిపోలేదు.

ఇందులో ఎవరి తప్పూ లేదని మేము అనం. పద్ధతి లేకపోవడమే తప్పు. మన ఊళ్లో ఒకే మనిషి ఇంట్లో బుజ్జి, బళ్లో వెంకటసుబ్బయ్య. ఎక్కడ ఏ పేరు చెప్పాలో మనకు తెలుసు. మెయిల్‌కు కూడా అలాగే మారు అడ్రసు పెట్టుకోవచ్చు. దాన్ని అలియాస్ అంటారు. రాసేది మీరే, మీ సొంత పెట్టెలో నుంచే, కానీ అందుకున్నవారికి వేదిక పేరు కనిపిస్తుంది. తిరిగి రాస్తే వేదికకే వస్తుంది.

జీమెయిల్‌లో ఎలాగో చెబుతాం. ఇది ఫోన్ యాప్‌లో కుదరదు, కంప్యూటర్ మీద ఒక్కసారి చేయాలి. సెట్టింగ్స్‌లో 'అకౌంట్స్ అండ్ ఇంపోర్ట్' తెరవండి. 'సెండ్ మెయిల్ యాజ్' అన్న చోట ఇంకో అడ్రసు చేర్చమని ఉంటుంది. పేరు దగ్గర మీ పేరు కాకుండా వేదిక పేరు, అడ్రసు దగ్గర వేదిక అడ్రసు కొట్టండి. వేదిక పెట్టెకు ఒక కోడ్ వస్తుంది. పెట్టె చూసే వారిని అడిగి ఆ కోడ్ వేస్తే పని అయినట్టే. తర్వాత అక్కడే, ఏ అడ్రసుకు మెయిల్ వచ్చిందో ఆ అడ్రసు నుంచే జవాబు వెళ్లాలన్న వరుసను ఎంచుకోండి. వేదిక అడ్రసుకు వేరే సంతకం పెట్టండి. అందులో మీ కంపెనీ పేరు గానీ సొంత నంబరు గానీ ఉండకూడదు.

ఇప్పుడు జాగ్రత్తలు. మొదటిది, ఫోన్లో రాసేటప్పుడు పంపే ముందు 'ఫ్రమ్' అన్న వరుస చూడండి. దాని మీద వేలు పెడితే మీ అడ్రసులన్నీ కనిపిస్తాయి, సరైనది ఎంచుకోవచ్చు. ఒక్క క్షణం పని.

రెండోది, అలియాస్ నుంచి పంపిన మెయిల్ నకలు మీ పెట్టెలోనే ఉంటుంది, వేదిక పెట్టెలో ఉండదు. అందుకే ప్రతి జవాబుకూ 'బీసీసీ'లో వేదిక అడ్రసు పెట్టండి. రేపు మీరు సెలవు మీద వెళ్లినా ఇంకొకరు కథ మొదటి నుంచి చదువుకోగలరు.

మూడోది ముఖ్యమైనది. అలియాస్ గుమ్మం మీద బోర్డు లాంటిది, తాళం కాదు. జీమెయిల్ ఇలా పంపినప్పుడు మెయిల్ లోపలి వివరాల్లో మీ అసలు అడ్రసు ఉండిపోవచ్చు. కొన్ని రకాల అవుట్‌లుక్‌లలో 'ఫలానావారి తరఫున' అని పైకే కనిపిస్తుంది కూడా. కాబట్టి కంపెనీలతో, ఏజెంట్లతో నేరుగా రాసే జవాబులు అలియాస్ నుంచి వద్దు. వేదిక పెట్టెలోకే లాగిన్ అయి అక్కడి నుంచే రాయండి.

నాలుగోది, విభాగం వదిలి వెళ్లేవారు తమ జీమెయిల్‌లో నుంచి వేదిక అడ్రసు తీసేసి వెళ్లాలి. అదే రోజు వేదిక పాస్‌వర్డ్ కూడా మార్చాలి.

వాట్సాప్ ఉండగా ఈ గోల ఎందుకని కొందరు అడిగారు. ఫోన్ పోతే, నంబరు మారితే వాట్సాప్ మాటలు ఎన్నోసార్లు దొరకవు. మెయిల్‌కు తేదీ, సమయం ఉంటాయి, ఇంకో ఫోన్లో తెరిచినా దొరుకుతుంది. మన విదేశాంగ శాఖ 2015లో మొదలుపెట్టిన మదద్‌లో ఫిర్యాదు పెట్టినా, ఎంబసీకి రాసినా, ఎప్పుడు ఏం జరిగిందో వరుసగా చూపించడానికి అవే పనికొస్తాయి.

ఇక మెయిళ్లు రాసే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఒక మాట. మీకూ రెండు అడ్రసులు ఉండాలి. బ్యాంకుకు, ఇంటివాళ్లకు ఒకటి. ఉద్యోగాల ప్రకటనలకు, ఏజెంట్లకు ఇంకొకటి. మీ జీమెయిల్ పేరు చివర ప్లస్ గుర్తు పెట్టి ఒక మాట చేర్చినా మెయిల్ మీకే వస్తుంది. ఎవరికి ఏ మాటతో ఇచ్చారో గుర్తుంటే, మీ అడ్రసు ఎవరి దగ్గర నుంచి బయటికి పోయిందో తెలుస్తుంది. కానీ ప్లస్ ముందున్నది మీ అసలు పేరే, ఎవరైనా చదవగలరు. దాచుకోవాలంటే వేరే అడ్రసే తెరవాలి. మా జవాబును మాత్రం మమ్మల్ని అడగకుండా కంపెనీ వాళ్లకు చూపించకండి. ఎప్పుడు చూపించాలో కలిసి అనుకుందాం.

సాయం చేసేవాడు నిలబడితేనే రేపు ఇంకొకరికి సాయం అందుతుంది. సమావేశం అయ్యాక వెనక బల్ల దగ్గర రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టాం. విభాగంలో పనిచేసే ప్రతి ఒక్కరూ ఇవాళే అడ్రసు సరిచేసుకుని వెళ్లండి. టీ కూడా అక్కడే ఉంది.