చెరసాలలో చదువు



రజతోత్సవ సమయమున కారాగారమును గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోపవచ్చును. పుస్తకము కరవైన చోటనే పుస్తకపు విలువ బాగుగ తెలియును. కనుక ఈ విషయమును ఎన్నుకొంటిని. ఉదాహరణమునకై కోటగిరి నుండి దూరము పోనక్కరలేదు. మన ఇందూరు ఖిల్లా కలదు.

నైజాము పాలనపు కడపటి దినములలో, 1948 ప్రాంతమున, ఆ ఖిల్లాపై నుండిన చెరసాలయందు దాశరథి కృష్ణమాచార్యులవారును, వట్టికోట ఆళ్వారుస్వామిగారును బందీలై యుండిరి. దాశరథిగారు అప్పటికి ఇరువది రెండు, మూడేండ్ల యువకులు. కాగితము లేదు, కలము లేదు. పండ్లు తోముకొనుటకిచ్చిన బొగ్గుతో గోడపై పద్యములు వ్రాసిరి. 1949లో వెలువడిన ‘అగ్నిధార’ను ఆళ్వారుస్వామిగారికే అంకితమిచ్చిరి. పూర్వము కృతిభర్తలు రాజులు, ధనవంతులు. ఈ కృతికి భర్త చెరలోని తోడు.

ఆ ఆళ్వారుస్వామిగారు 1915లో నల్లగొండ ప్రాంతపు పేద కుటుంబమున జన్మించి, పరుల ఇండ్ల వంట చేయుచు, హోటలులో పనిచేయుచు చదువు కూడబెట్టుకొన్నవారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములు మోసికొనిపోయి అమ్మినవారు. చెరలో ఆయన దృష్టి స్వంత కష్టముపై నిలువలేదు. దొంగలనియు, హంతకులనియు లోకము పేరు పెట్టిన సామాన్య ఖైదీలపై ప్రసరించెను. వారి బ్రతుకులే ‘జైలు లోపల’ కథలైనవి.

ఆంధ్రప్రాంతమునను ఇట్టివారు కలరు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు ‘మాలపల్లి’ నవలను రాయవెల్లూరు చెరలో వ్రాసిరి. 1908లో చెరకేగి మూడేండ్ల శిక్ష ననుభవించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, తరువాతి జీవితమును గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును ధారవోసిరి.

అయినచో చెరసాల మనుష్యుని బాగుచేయునా? తొందరపడి ఔననరాదు. మన చెరకు సీమవారికి గానుగ సంగతి తెలియును. చెరకు వేసిననే రసము వచ్చును. చొప్ప వేసినచో పిప్పియే మిగులును. నలుగుట వలననే తీపి పుట్టదు. ఎన్నో జీవితములు గోడల నడుమ వట్టిగా ఎండిపోయినవి.

“వారు విద్యావంతులు, దేశభక్తులు, కోపావేశమున కత్తి దూసి యావజ్జీవ శిక్ష పడిన నిరక్షరాస్యునికి ఏమి దారి?” అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. వంటపని చేసిన బాలుడు గ్రంథకర్త యగుటకు తోడ్పడినదేదియో, అదియే వీనికిని దారి: అక్షరము, ఒక పుస్తకము, చెప్పునది వినువాడొకడు. నేడు కారాగారములలోనికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయపు చదువు ప్రవేశించినది. శిక్షాకాలముననే పట్టభద్రులైనవారు కలరు. కాని పట్టము చేతబట్టి వచ్చినవానికి ఊరు తలుపు మూసినచో, ఆ చదువు గుమ్మము వెలుపలనే నిలిచిపోవును. చేసిన నేరమునకు న్యాయస్థానము కాలమును నిర్ణయించినది. మనము దానిని మరణాంతము పొడిగించుట ధర్మము కాదు. నష్టపోయిన కుటుంబపు దుఃఖమును మరువుమని నేననుట లేదు. వారి గాయము సత్యము. మారిన మనిషి మరల దిగజారుటవలన ఆ గాయము మానునా?

కావున ఈ గ్రంథాలయ సభ్యులకు మూడు విన్నపములు. అధికారుల అనుమతితో ఏటేట కొన్ని మంచి పుస్తకములను జిల్లా కారాగారమునకు పంపుడు. ఖైదీల బిడ్డలు ఇచ్చటికి వచ్చినపుడు తండ్రి పేరుతో వారిని కొలువకుడు. శిక్ష తీరి వచ్చినవాడు పత్రిక చదువుటకు ఈ బల్లయొద్దకు వచ్చినచో, కొంచెము జరిగి చోటిండు.

ఆ మాత్రము చోటు గల గ్రంథాలయము స్వర్ణోత్సవమును సైతము జరుపుకొనుగాక!