కర్నూలు సీమ చెప్పు వాతావరణ పాఠము

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున కోడుమూరునందు చేసిన ప్రసంగ పాఠము)



మ్యూజియము అనగానే జనులకు స్ఫురించునవి అద్దాల బీరువాలు, వాని లోపల పాత కత్తులు, విరిగిన విగ్రహములు, చెల్లని నాణెములు. గతించిన దానిని దాచు చోటే మ్యూజియమని సామాన్యుల తలంపు. ఇటీవలి కాలమున ఆ తలంపు మారుచున్నది. పెక్కు దేశములలోని మ్యూజియములు శని, ఆదివారములందు కుటుంబములను పిలిచి, మారుచున్న శీతోష్ణస్థితిని కన్నులకు కట్టినట్లు చూపి, ఇల్లు చేరిన పిదప ఏమి చేయవలెనో కూడ నేర్పుచున్నవి. భారతదేశమున ఈ పని రైలు పెట్టెలలో జరిగినది. 2007లో బయలుదేరిన సైన్స్ ఎక్స్‌ప్రెస్ అను ప్రదర్శన రైలు 2015లో వాతావరణ మార్పును తన విషయముగా గైకొనెను. 2017లో మరల అదే విషయముతో పదునారు పెట్టెల నిండ బొమ్మలు, యంత్రములు, పటములు అమర్చుకొని ఢిల్లీలో బయలుదేరి దేశమంతటను తిరిగెను.

అట్టి ప్రదర్శన చూచుటకు కోడుమూరు వారు దూరము పోనక్కరలేదు. కర్నూలు, కడప సీమలే గోడలు లేని మ్యూజియము. ఇందులోని వస్తువులను మూడింటిని చూచినచో వాతావరణమన నేమో, దాని మార్పునకు మనుష్యుడెట్లు తలయొగ్గెనో, ఎట్లు నిలదొక్కుకొనెనో తేటతెల్లమగును.

మొదటి వస్తువు బనగానపల్లె చేరువ జ్వాలాపురమున కలదు. అచ్చటి జుర్రేరు లోయలో నేలపొరల నడుమ తెల్లని బూడిద పొర యొకటి కనబడును. అది ఈ దేశపు బూడిద కాదు. సుమారు 74,000 ఏండ్ల క్రిందట సుమత్రా ద్వీపమున టోబా అను అగ్నిపర్వతము బ్రద్దలయ్యెను. దాని బూడిద సముద్రము దాటి వచ్చి ఇచ్చట రాలెను. పాత్రలు తోము పొడులకై జనులు దానిని త్రవ్వి తీయుచుండగా, పరిశోధకులు అందొక చరిత్రను చదివిరి. బూడిద పొరకు క్రిందను, పైనను కూడ ఆదిమానవుల రాతి పనిముట్లు దొరకెనని 2007లో ప్రకటించిరి. ఇందు రెండు పాఠములు కలవు. ఆకాశమునకు పొలిమేర రాళ్లు లేవు. ఎక్కడనో లేచిన పొగ ఇక్కడి కంచములో పడును. అంతటి ఉపద్రవమునకు పిదప కూడ ఈ నేలపై మనుష్యుడు బ్రతికెను.

రెండవ వస్తువు బేతంచెర్ల సమీపమున బిల్లసర్గము గుహలలోనిది. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ కలిసి 1883 మొదలుకొని అచ్చట త్రవ్వించగా జంతువుల ఎముకలు విస్తారముగా బయల్పడెను. వానిలో ఖడ్గమృగపు ఎముకలు కూడ నుండెను. 1886లో వానిని పరిశీలించిన పండితుడు ఆ జంతువునకు కర్నూలు పేరనే శాస్త్రనామము పెట్టెను. ఖడ్గమృగమునకు దండిగా పచ్చిక కావలెను, నీరు కావలెను. నేడు మేకలకే మేత చాలని ఈ గుట్టలలో ఒకప్పుడది మేసినదన్న మాట! శీతోష్ణస్థితి స్థిరము కాదు; అది మారినప్పుడు ఓర్చుకొనలేని ప్రాణి పేరు పుస్తకములలో మాత్రమే మిగులును. ఫుట్ గారు జీవితమంతయు కూర్చిన పురాతన వస్తువులను 1904లో మద్రాసు మ్యూజియము కొని భద్రపరచెను.

మూడవ వస్తువు అన్నిటికంటె విలువైనది. అది కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనము. శాలివాహన శకము 1291, అనగా క్రీస్తు శకము 1369లో, విజయనగర ప్రభువైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఈ చెరువును కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలు రెండేండ్లు పనిచేసిరనియు, రాళ్లు తోలుటకు నూరు బండ్లు నడచెననియు శాసనము చెప్పుచున్నది. అంతటితో ఆగిన అది రాజుగారి గొప్పయే యగును. ఆ శిలపై చెరువు కట్టుటకు కావలసిన పండ్రెండు అంగములు, తప్పించుకొనవలసిన ఆరు దోషములు కూడ చెక్కబడినవి. గట్టి మన్నుగల నేల, మంచి నీటి యేరు, కొండల నడుమ దిట్టమైన కట్ట, లోతైన గర్భము, చేరువలో రాతి గని, నీటి శాస్త్రమెరిగిన వాడు, పనితనముగల కూలీలు అంగములలోనివి. కట్ట ఊటకారుట, చవుడు నేల, రెండు రాజ్యముల ఎల్లపై నుండుట, చెరువు నడుమ మిట్ట యుండుట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువగుట, నీరు ఎక్కువై నేల తక్కువగుట అను నవి దోషములు.

ఈ ఆరింటిలో అయిదవ దోషమును ప్రతి గృహస్థుడును మరల మరల తలచుకొనవలెను. నీరు కొంచెము, దానిపై ఆశ పెద్దది. ఆరు వందల యేభై ఏండ్ల క్రిందట రాతిపై చెక్కిన ఆ దోషమే నేడు ఎండిన బోరుబావి రూపమున పొలము పొలమునను కనబడుచున్నది.

అయితే కరవు ఈ సీమకు క్రొత్తదా యని ఎవరైన అడుగవచ్చును. క్రొత్త కాదు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాత కరవున కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు మిక్కిలి నష్టపడెను. 1871 జనాభా లెక్కలతో పోల్చిన 1881 లెక్కలలో కర్నూలు జిల్లా జనసంఖ్య తగ్గిపోయెను. దూరమున పసిఫిక్ సముద్రము వేడెక్కి ఋతుపవనముల దారి తప్పించుటయే ఆ కరవునకు ముఖ్య కారణమని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ వేడిమి ప్రకృతి సహజము, వచ్చును, పోవును. నేడు దానిపై మరియొకటి చేరినది. బొగ్గు, పెట్రోలు మండించుట వలన గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగినది. యంత్రయుగమునకు ముందు గాలి పది లక్షల పాళ్లలో ఆ వాయువు 280 పాళ్లుండెను. నేడు 420 పాళ్లు దాటినది. ఆ వాయువు భూమికి కప్పిన కంబళి వంటిది. చలికాలపు రాత్రి ఒక కంబళి సుఖము. వేసవిలో మూడు కంబళ్లు కప్పిన ఊపిరాడదు. లెక్కలు కట్టుట మొదలైన తరువాత 2024వ సంవత్సరమంత వేడి సంవత్సరము లేదు. అది యంత్రయుగపు తొలినాళ్ల కంటె సుమారు ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ.

ఒక డిగ్రీయే కదా యని తేలికగా తీసికొనరాదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కిన కొలది నూటికి ఏడుపాళ్లు ఎక్కువ ఆవిరిని మోయగలదు. కనుక నేల తడిని త్వరగా పీల్చును, కురిసినప్పుడు ఒక్క పెట్టున కుండపోతగా కురియును. 2009వ సంవత్సరమే ఇందుకు పోలిక. ఆ యేట దేశమంతటను ఋతుపవనములు ఇంచుమించు నూటికి 22 పాళ్లు లోటుపడెను. అదే యేట అక్టోబరు 2వ తేదీన తుంగభద్రయు, కోడుమూరు ప్రక్కన పారు హంద్రియు పొంగి కర్నూలు నగరమును ముంచెను. వాన లేదని మొగము మొత్తిన కన్నులే వాన చాలునని మ్రొక్కినవి. ఇట్టి ఒక్క సంవత్సరము ఉష్ణము పెరుగుట చేతనే వచ్చినదని చెప్పుట శాస్త్రసమ్మతము కాదు. కాని ఇట్టివి మునుపటికంటె తరచుగా రాగలవని శాస్త్రజ్ఞులు హెచ్చరించుచున్నారు.

ఇచ్చట న్యాయమైన ప్రశ్న యొకటి పుట్టును. రెండెకరముల ఎర్రనేల దున్నుకొను మెట్ట రైతు ఏ మిల్లు నడిపెను, ఎంత బొగ్గు కాల్చెను? ప్రపంచములో సగటున ఒక్కొక్క మనుష్యుని వంతునకు వచ్చు బొగ్గుపులుసు వాయువులో భారతీయుని వంతు సగమునకు లోపే. ఆ సగటులో కూడ మెట్ట రైతు పాలు మరింత స్వల్పము. చేసినది ఒకరు, అనుభవించునది మరొకరు. ఈ అన్యాయమును మరువరాదు, దేశములు కూడిన సభలలో గట్టిగా చెప్పవలెను కూడ. అయినను పొరుగింటివాడు అంటించిన నిప్పు తన చూరునకు ప్రాకినప్పుడు, తప్పెవరిదని తేలువరకు నీళ్లబిందె దించి కూర్చుండు ఇల్లాలు లేదు. ఈ సీమలో కుటుంబము చేయవలసిన పని లోకపు పాపము కడుగుట కాదు. తన చూరు కాపాడుకొనుట.

కాపాడుకొనకున్న ఏమగునో ఈ పడమటి మండలముల వారికి వేరుగా చెప్పనక్కరలేదు. వాన తప్పిన యేట ఇండ్లకు తాళములు పడును. సంసారములు సుగ్గికని గుంటూరు సీమకు మిరప కోతలకు, పత్తి తీతలకు తరలిపోవును. తల్లి వెంట బిడ్డ పోవును. బిడ్డతో పాటు బడి పోవును, చదువ మొదలిడిన పుస్తకము సగములో ఆగును. గ్రంథాలయమున ఖాళీగా నున్న పీట కూడ వాన లెక్కయే.

ఇక కుటుంబములు చేయదగిన పనులు. మొదటిది నీటి లెక్క. చదరపు మీటరు చోటుపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు నీరగును. నూరు చదరపు మీటర్ల మిద్దెపై ఏటికి 600 మిల్లీమీటర్లు కురిసినచో అరువది వేల లీటర్లు. అంత నీరు వీధి మురుగులో కలిసిపోవుటయా, ఇంకుడుగుంత దారిన నేలలోనికి దిగుటయా అనునది ఇంటి యజమాని చేతిలోని పని. పొలమున గట్లు నిలుపుట, పల్లమున కుంట త్రవ్వుట, పాత చెరువు పూడిక తీసి ఆ ఒండ్రును చేలకు తోలుట ఇట్టివే.

రెండవది పంట. కొర్ర, జొన్న, సజ్జ, కంది ఈ నేల తత్త్వమెరిగిన పంటలు. పూర్వులు ఒకే చేనిలో కొర్రసాళ్ల నడుమ కందిసాలు వేయుట పేదరికము చేత కాదు. ఒకటి పోయినను మరొకటి దక్కునను తెలివి చేత. బోరునీటితో దాహము గొన్న పంట పెట్టుట పోరుమామిళ్ల శాసనము చెప్పిన అయిదవ దోషమే.

మూడవది ఇల్లు. ఈ సీమ మట్టిమిద్దెలు చవుటిమన్ను కప్పుకొని వేసవిలో చల్లగా నుండెడివి. నేటి సిమెంటు కప్పులు, రేకులు పగలెల్ల ఎండను త్రాగి రాత్రి గదిలోనికి వదలును. వేసవికి ముందు కప్పుపై తెల్లని సున్నము పూసిన లోపలి వేడి తగ్గును. తెలంగాణ ప్రభుత్వము 2023లో ఇట్టి చల్లని కప్పులకై ఒక విధానమునే ప్రకటించెను. వాకిట ఒక వేపచెట్టు, వృథాగా వెలుగని దీపము, అంగడికి గుడ్డసంచి, చేనిలో తగులబెట్టక ఎరువుగా మారిన చెత్త, ఇవి చిన్న పనులు. ఇల్లాలు, పిల్లలు కలిసిననే ఇవి సాగును. యజమాని యొక్కడు విని పోయిన ప్రసంగము అరుగు దిగకమునుపే మరపునకు వచ్చును.

కనుకనే గ్రంథాలయము ఏటేట ఒక శనివారము, ఒక ఆదివారము కుటుంబముల మ్యూజియముగా మారవలెను. శనివారమున ప్రతి యింటి నుండి ఒక పాత వస్తువు రావలెను: గొర్రు, జడ్డిగము, గుంటక, కపిల తోలు, గింజలు దాచిన కుండ. దాని వెంట ఇంటి పెద్ద వచ్చి దానిని వాడిన కాలమున ఏ కార్తెలో విత్తనము పడెడిదో, బావిలో నీరు ఎన్ని మట్ల లోతున నుండెడిదో చెప్పవలెను. ఆదివారమున పిల్లలు ఆ మాటలను ఒక పుస్తకమున వ్రాయవలెను. ఆ ప్రక్కనే నేటి బోరు లోతును అడుగులలో వ్రాయవలెను. ఆ రెండంకెలను ప్రక్కప్రక్కన చూచిన కుటుంబమునకు ఉపన్యాసముతో పనిలేదు.

ఆ పుస్తకమునకు నీటి పుస్తకమని పేరిడవచ్చును. నిటారు గోడలుగల పాత్రయొకటి, కొలబద్ద యొకటి గ్రంథాలయపు మిద్దెపై నుంచి, కురిసిన వాననెల్ల తేదీతో అందు ఎక్కించుట ఒక విద్యార్థి చేయగల పని. ఖర్చు లేదు, సెలవు మాత్రము లేదు.

ఆంధ్ర గ్రంథాలయోద్యమమునకు ఆయువుపట్టైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1883లో కర్నూలులోనే పుట్టిరి. గ్రంథాలయము పుస్తకములు పేర్చు కొట్టు కారాదనియు, అక్షరము రాని వానిని కూడ అక్కున చేర్చుకొనవలెననియు వారు జీవితమంతయు పాటుపడిరి. అక్షరము రాని అవ్వ చెప్పిన బావి లోతు ఈ గ్రంథాలయమున పుస్తకమై నిలుచుట ఆ పాటునకు తగిన ఫలము.

రజతోత్సవము ఇరువదియైదేండ్ల గతమును లెక్కించు పండుగ. స్వర్ణోత్సవమునకు ఇంక ఇరువదియైదేండ్లు కలవు. ఆనాడు ఈ వేదికపై నీటి పుస్తకము విప్పినప్పుడు, నేడు ముందు వరుసలో కూర్చున్న బాలురు, బాలికలు తమ దస్తూరిని తామే గుర్తుపట్టి, అందలి బావి లోతు పెరిగినదో తరిగినదో సభకు చదివి వినిపింతురు గాక.