ఫోన్ల మోగే డప్పు ఎవరిది?

(బోధన్ ప్రాంతంలో యువజనుల శిక్షణ తరగతిలో చేసిన ఉపన్యాస పాఠం. మాట్లాడిన తీరు మార్చకుండా అచ్చు వేస్తున్నాం.)

 

భూమి గురించి, కూలి రేట్ల గురించి, అట్రాసిటీ కేసుల గురించి మాట్లాడుకునే కాడ ఈ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాం ప్రకటనల ముచ్చట ఎందుకని కొందరు అడుగుతున్నరు. అడగాల్సిందే. జవాబు కూడా సూటిగనే చెప్తా. ఇయ్యాల మన వాడకట్టులోకి పార్టీ రాకముందే, సావుకారి రాకముందే ప్రకటన వస్తున్నది. తలాపున పెట్టుకొని పండుకున్న ఫోన్లోంచి వస్తున్నది. దాని వెంట మన ఇండ్ల పైసలు పోతున్నయి, ప్రాణాలు పోతున్నయి. మనం దాని గుట్టు తెలుసుకోకపోతే ఎట్లా?

ప్రకటన మనకు కొత్త కాదు. శిస్తు కట్టుమని చెప్పాలన్నా, జాతర ఉందని చెప్పాలన్నా, చెరువు తూము తీస్తున్నరని చెప్పాలన్నా ఊరూరా డప్పు కొట్టి సాటింపు వేసింది మన తాతలే. ఆ సాటింపులో మూడు సంగతులున్నయి. ఒకటి, డప్పు మనది, మాట మనది కాదు. మాట దొరది, పట్వారిది. రెండు, అది వెట్టి. కొట్టిన చేతికి కూలి లెక్క లేదు. మూడు, ఎంత వెట్టి అయినా అది బహిరంగం. ఊరంతా ఒకటే మాట వినేది. తప్పుడు మాటైతే నలుగురు కూడి ఇదేందని అడిగే సందన్నా ఉండేది. ఇప్పుడు ఫోన్ల మోగే డప్పులో మొదటి రెండు అట్లనే ఉన్నయి. మూడోది పోయింది. ఒక్కొక్కరి చెవిలో ఒక్కొక్క మాట చెప్పి పోతున్నది. ఇయ్యాల నేను చెప్పేదంతా ఇదే.

ముందు బ్రాండు అంటే ఏందో చూద్దాం. ఇంగ్లీషు రాకున్నా నిజామాబాదు జిల్లాలో బీడీలు చేసే ఏ అక్కకైనా ఇది తెలుసు. ఆకు కత్తిరించేది ఆమె, తంబాకు పోసేది ఆమె, దారం చుట్టేది ఆమె. వెయ్యి బీడీలు చేసేసరికి నడుము పడిపోయేది ఆమెకే. కట్ట మీద లేబుల్ మాత్రం కంపెనీది. బజార్ల ధర పలికేది లేబుల్‌కు. చెయ్యి కనపడదు, లేబుల్ కనపడుతది. మన శక్కర్‌నగర్ సంగతి చూడుండ్రి. నిజాం కాలంలో పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో మూత పడింది. పేరు ఇంకా మోగుతనే ఉన్నది, ఆ పేరు నిలబెట్టిన కార్మికుని పొయ్యి మాత్రం ఆరింది. చెమట మీద పేరు అతికించి, ఆ పేరుకు ధర కట్టుడే బ్రాండు.

ఇగ ఫోన్ల ఈ వ్యాపారం ఎట్ల నడుస్తదో చెప్తా. చెరుకు పండించేటోళ్లకు చెప్పుడు సులువు. బండి కాటా ఎక్కుతది. కాటా ఫ్యాక్టరీది. రసం లోపలికి పోతది, పిప్పి బయటికి వస్తది. ఫోన్ కాడ మనమే చెరుకు, మన చూపే రసం. ఏ వీడియో కాడ ఎంతసేపు ఆగినమో, దేన్ని మెచ్చుకున్నమో, ఏం కొననీకి వెతికినమో, ఏ ఊళ్లె ఉన్నమో అన్నీ లెక్క కడుతరు. మనం ఫోన్ తెరిచిన రెప్పపాటులో మన ముందట ఎవరి ప్రకటన పెట్టాల్నో కంప్యూటర్లల్ల వేలం నడుస్తది. నిజామాబాదు గంజ్‌ల పసుపు కుప్పకు రేటు పెట్టినట్టు మన చూపుకు రేటు పెడుతరు. ఒక్కటే తేడా. పసుపు అమ్మితే తక్‌పట్టీ చేతికొస్తది. చూపు అమ్ముడుపోతే మనకు చీటీ లేదు, పైస లేదు. మన సరుకు వేలం పడ్డదన్న సంగతే మనకు తెల్వదు.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాం, వాట్సాప్ మూడూ మెటా అనే ఒక్క కంపెనీవే. 2024లో దాని ఆదాయం 16,450 కోట్ల డాలర్లు. అందులో నూటికి 97 పాళ్లు ప్రకటనల మీద వచ్చిందే. మరి ఫోన్ల అన్నీ ఫిరీ అంటరు గదా? ఫిరీ కాదు, మనమే సరుకు. ఇంకో సంగతి వినుండ్రి. ఆ కంపెనీ లోపలి కాగితాలను రాయిటర్స్ వార్తాసంస్థ 2025 నవంబరులో బయటపెట్టింది. 2024 ఆదాయంలో సుమారు పదో వంతు మోసపు ప్రకటనలు, నిషేధించిన సరుకుల ప్రకటనల మీదనే వస్తదని కంపెనీ తనకు తానే అంచనా కట్టుకున్నదట. అది ఉజ్జాయింపు లెక్క, ఎక్కువ పడ్డదని కంపెనీ అంటున్నది. సరే, ఆ పదో వంతు సగమే అనుకుందాం. అయినా వందల కోట్ల డాలర్లు. అవి ఎవరి కడుపు కొట్టి వచ్చినయి? చదువు తక్కువున్నోడు, అప్పులున్నోడు, కొలువు కోసం ఎదురు చూసేటోడు, వాళ్ల కడుపులు కొట్టి వచ్చినయి.

ఇప్పుడు వెట్టి ముచ్చట. "ఈ లింకు పది మందికి పంపు, నీకు బోనస్ వస్తది" అని యాప్‌వాడు అంటడు. మన పిల్లగాడు పంపుతడు. ఎవరికి? మేనబావకు, దోస్తుకు, వాడకట్టు గ్రూపుకు. పేరున్న నటునికి ప్రకటన చేస్తే లక్షలు, కోట్లు. మనోని చేతిలో పడేది చిల్లర, అది కూడా మళ్ల ఆ యాప్‌లనే పోతది. కంపెనీవాడు చెప్తే మన మేనబావ నమ్మడు, మనం చెప్తే నమ్ముతడు. వాడు వాడుకునేది ఆ నమ్మకాన్నే. తాత దొర మాటను డప్పు మీద సాటిండు, మనుమడు యాప్‌వాని మాటను ఫోన్ మీద సాటుతున్నడు. తాతకు తప్పించుకునే తొవ్వ లేకుండె. మనుమనికి ఉన్నది.

బెట్టింగ్ యాప్‌ల సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. పైసలు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను తెలంగాణలో 2017లోనే నిషేధించిండ్రు. కాగితం మీద నిషేధం, ఫోన్ల ప్రకటన. 2024 అక్టోబరులో ఈ పక్కన ఎడపల్లి మండలంలోనే ఆన్‌లైన్ ఆటల అప్పులు తీరక ఒక ఇంట్లో తల్లి, తండ్రి, కొడుకు ముగ్గురూ ప్రాణాలు తీసుకున్నరు. ఆ యాప్‌లకు ప్రచారం చేసినందుకు 2025 మార్చిలో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు సినిమావాళ్ల మీద, యూట్యూబ్ వాళ్ల మీద కేసులు పెట్టిండ్రు. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. దాంట్ల పైసల ఆటకు ప్రకటన చేసినోళ్లకు రెండేండ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జుర్మానా ఉన్నది. చట్టం మంచిదే. కానీ పోయిన ముగ్గురు తిరిగి రారు. చట్టం అయ్యేదాకా మన వాడకట్టు ఎందుకు ఆగాలె?

చెవిలో చెప్పే ప్రకటనతోని ఇంకో ప్రమాదముంది. ఎవరికి చూపాల్నో ఎంచుకోవచ్చునంటే, ఎవరికి దాచాల్నో కూడా ఎంచుకోవచ్చు. ఇది ఊహ కాదు. ఇండ్ల ప్రకటనలు ఎవరికి కనపడాల్నో జాతిని, మతాన్ని బట్టి తేల్చే వీలు ఇచ్చిందని 2019లో అమెరికా ప్రభుత్వమే ఫేస్‌బుక్ మీద అభియోగం పెట్టింది. 2022లో కంపెనీ రాజీకొచ్చి పద్ధతి మార్చుకుంటనని ఒప్పుకున్నది. నల్లజాతి కుటుంబానికి ఇల్లు లేదని మొఖం మీద చెప్పనక్కర లేదు, ఇల్లు ఉన్నదన్న సంగతే కనపడకుండ చేస్తే చాలు. అంటరానితనం అంటే ఏందో తెలిసిన మనకు ఇది అర్థం కాదా? ఊరవతల పెట్టుడు ఇప్పుడు కంటికి కనపడకుండ కూడా చేయొచ్చు.

దాచుడు ఒక దిక్కు, వెతికి పట్టుకునుడు ఇంకో దిక్కు. బోధన్, ఆర్మూర్, కామారెడ్డి పిల్లగాండ్లు గల్ఫ్‌కు పోవుడు మొన్నటి ముచ్చట కాదు. అప్పుడు ఏజెంటు ఊళ్లెకు వచ్చేది, పట్టుకుంటే దొరికేది. ఇప్పుడు ఏజెంటుకు మొఖం లేదు, ఒక ఫేస్‌బుక్ పేజీ ఉంటది. థాయిలాండ్‌లో కంప్యూటర్ కొలువని సోషల్ మీడియాలో ప్రకటన ఇచ్చి మయన్మార్‌కు ఎత్తుకపోతున్నరని 2022లో కేంద్ర విదేశాంగ శాఖే హెచ్చరించింది. కంబోడియాలో కూడా ఇదే తంతు. తెలంగాణ పిల్లలు అక్కడ చిక్కి, తుపాకుల నడుమ కూసొని మన దేశపోళ్లనే ఫోన్లల్ల మోసం చేయాల్సి వచ్చింది.

ఇగ కులం. ప్రకటనకు కులం లేదంటరు. 1920లో బాబాసాహెబ్ "మూక్‌నాయక్" పత్రిక పెట్టిన్నాడు, పైసలిస్తం ప్రకటన వేయుమంటే తిలక్ స్థాపించిన "కేసరి" పత్రిక వేయలేదు. పైస చెల్లుతది, మన పేరు చెల్లదు! నూరేండ్ల తర్వాత ఏం మారింది? 2023 జూన్ 5, పర్యావరణ దినం నాడు జొమాటో కంపెనీ ఒక వీడియో విడిచింది. "లగాన్" సినిమాలో కచ్రా అనే అంటరాని మనిషి పాత్ర ఉన్నది గదా, ఆ నటుణ్నే దీపం లెక్క, బల్ల లెక్క, తువ్వాల లెక్క చూపించి, చెత్తను మళ్ల వాడుకోవచ్చని నవ్వులాట చేసిండ్రు. దళితులు తిరగబడ్డరు. జాతీయ ఎస్సీ కమిషన్ నోటీసు ఇచ్చింది. కంపెనీ వీడియో తీసేసింది. నూరేండ్ల కింద మనల్ని పత్రికలోకి రానియ్యలేదు, ఇప్పుడు చెత్త లెక్క రమ్మంటున్నరు. కానీ ఇక్కడ ఇంకో పాఠం కూడా ఉన్నది. ఆ ప్రకటన అందరికీ కనపడ్డది గనుకనే అందరం కూడి కొట్టగలిగినం. బహిరంగమైతేనే మనకు బలం.

అట్లయితే ఫోన్ బాయిల పడేయాల్నా? వద్దు. డప్పుది తప్పు కాదు, వెట్టిది తప్పు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడి నుంచి బయలుదేరిన ఉద్యమం "దండోరా" అనే పేరే పెట్టుకున్నది. దొర మాట సాటిన డప్పు మీదనే మన మాట సాటినం. 2016లో చంద్రభాన్ ప్రసాద్ "దళిత్ ఫుడ్స్" పేరుతోని పచ్చళ్లు, మసాలాలు ఆన్‌లైన్‌ల అమ్మకానికి పెట్టిండు. మనం ముట్టుకుంటే మైల అన్న తిండి మీద మన పేరే లేబుల్ వేసి, కొంటరా కొనరా అని దేశాన్ని అడిగిండు. మన పసుపు, మన ఎర్రజొన్న, మన అక్కల చేతి పచ్చడి, వీటికి కూడా లేబుల్ మనమే వేసుకోవచ్చు. చేసిన చేతి పేరు కట్ట మీద ఉండాలె.

చివరగ, వాడకట్టుకు పోయినంక చేయాల్సిన పనులు:

1. వెట్టి సాటింపు బంద్. ఏ లింకైనా పంపేముందు "ఈ మాట ఎవరిది, దీనికి పైసలు ఎవరు కట్టిండ్రు?" అని అడగాలె. పైసలు తీసుకొని సరుకును పొగిడేటోళ్లు ఆ సంగతి చెప్పి తీరాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ నియమాలు విడుదల చేసింది. చెప్పనోణ్ని నమ్మొద్దు.

2. చెవిలో పడ్డ మాటను నలుగురిలో పెట్టాలె. వారానికొకసారి సంఘం కాడ కూడి, ఎవరి ఫోన్ల ఏ ప్రకటన వచ్చిందో అందరి ముందట చదవాలె. లోన్ యాప్, బెట్టింగ్, కొలువు, ఏదైనా సరే.

3. విదేశీ కొలువు ప్రకటనైతే ఏజెంటు లైసెన్సు నంబరు అడగాలె. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌ల సరిచూడాలె. లైసెన్సున్న ఏజెంటైనా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి సేవా రుసుం తీసుకోవద్దు. విజిట్ వీసా మీద పనికి పంపుతనంటే అక్కడికక్కడే ఆగాలె.

4. మోసపోతే సిగ్గుపడి దాచుకోవద్దు. దాచుకుంటేనే ప్రాణం మీదికొస్తది. వెంటనే 1930కి ఫోన్ కొట్టాలె. తప్పుడు సరుకుల ప్రకటనలకు 1915. ఆ ఇంటికి పోయి పక్కన కూసునుడు మన బాధ్యత.

5. కులాన్ని అవమానించే ప్రకటన కనపడితే తారీఖుతో సహా ఫొటో తీసి పెట్టాలె. ఎస్సీ కమిషన్‌కు పంపాలె.

6. వాడకట్టుకు ఇద్దరు, అందులో ఒక ఆడబిడ్డ, మన సరుకులను, మన వార్తలను ఫోన్ల పెట్టుడు నేర్చుకోవాలె.

డప్పు మన చేతిలనే ఉన్నది. మాట ఎవరిదో తేల్చుకోవాల్సింది మనమే.

జై భీమ్.