గుమ్మడి పిందె ఎందుకు రాలింది?



దొడ్లో గుమ్మడి తీగ పాకుతుంది. పువ్వులు పూస్తాయి. పిందెలు దిగుతాయి. నాలుగు రోజులకు పిందె పసుపుపచ్చగా మారి రాలిపోతుంది. "ఎవరో వేలు చూపించినారు, దిష్టి తగిలింది" అంటారు పెద్దవాళ్లు. పాపం, వేలు చూపినవాళ్ల తప్పేమీ లేదు.

రేపు పొద్దున్నే తీగ దగ్గరికి పోయి చూడండి. కొన్ని పువ్వుల కింద చిన్న పిందె ఉంటుంది. అది ఆడ పువ్వు. కొన్నిటికి ఉట్టి కాడే ఉంటుంది. అది మగ పువ్వు. మగ పువ్వులో పసుపు లాంటి పొడి ఉంటుంది. దాని పేరు పుప్పొడి. ఆ పొడి ఆడ పువ్వుకు అంటితేనే పిందె కాయ అవుతుంది. పువ్వుకు కాళ్లు లేవు కదా! పొడిని మోసేది తేనెటీగ. తేనె కోసం వస్తుంది. దాని ఒంటి నూగుకు పొడి అంటుకుంటుంది. ఇంకో పువ్వు మీద వాలితే అక్కడ రాలుతుంది. గుమ్మడి పువ్వు తెల్లవారి విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. ఆ కాస్త పొద్దులో ఈగ రాకపోతే పిందె రాలినట్టే.

అనంతపురం సీమలో చాలా ఏండ్లుగా వేరుశనగే పెద్ద పంట. శనక్కాయ పువ్వు తన పొడితోనే తాను కాయ కట్టుకుంటుంది. అందుకే రైతుకు తేనెటీగ గుర్తుకు రాదు. కానీ కళింగరకు, దోసకు, కాకరకు ఈగ కావాల. ఈగలు తగ్గితే పొద్దుతిరుగుడులో తాలు గింజలు ఎక్కువవుతాయి.

ఈగలు ఎందుకు తగ్గినాయి? 1991-92లో దక్షిణ రాష్ట్రాల్లో పెట్టెల్లో పెంచే నాటు తేనెటీగలకు వైరస్ జబ్బు వచ్చింది. పిల్లపురుగులు చచ్చి, తుట్టెలు ఖాళీ అయినాయి. మన మెట్ట సీమలో ఇంకో బాధ ఉంది. వెనక చేనులో జొన్న, కంది, అలసంద, గట్టు మీద ఆముదం ఉండేవి. ఒకటి కాకపోతే ఒకటి పూసేది. చేనంతా ఒకే పంట అయి, అదీ వాన లేక ఎండితే పువ్వేదీ? ఈగకూ కరువే. పైగా పూత మీద పొద్దున్నే పురుగుమందు కొడతారు. పురుగుతో పాటు ఈగా చస్తుంది. కొట్టక తప్పకపోతే పొద్దు గూకినాక కొట్టాల. ఈ మాట ఇంట్లో మగవాళ్లకు గట్టిగా చెప్పాల్సింది మీరే.

ఈగ లేకుంటే మనిషి చేయలేడా? చేయొచ్చు. పొద్దున్నే మగ పువ్వు కోసి, రెక్కలు తీసి, ఆడ పువ్వు నడుమ తాకించాల. దొడ్లో ఒక తీగకైతే సరే. రెండెకరాల కళింగరకు ఎవరు చేస్తారమ్మా? చైనాలో సిచువాన్ అనే చోట బేరిపండ్ల తోటల్లో మనుషులే చెట్లెక్కి, పుల్లకు ఈకలు కట్టి, పువ్వు పువ్వుకూ పొడి అద్దినారు. ఈగ కూలి అడగదు. వాళ్లకు కూలి ఇవ్వాల.

తేనె కోసం తుట్టెకు మంట పెట్టొద్దు. ఎండాకాలంలో వేప, కానుగ, చింత పూస్తాయి. ఆ చెట్లు కొట్టనీయొద్దు. దొడ్లో నీడన ఒక మూకుట్లో నీళ్లు పెట్టండి. అందులో నాలుగు గులకరాళ్లు వేయండి. రాళ్లు లేకుంటే ఈగ నీళ్లలో మునిగి చస్తుంది.