ఓటు లేనివాని పద్దు

(చిక్కడపల్లి ప్రాంతపు గాంధీనగరమునందలి యొక పఠనమందిరమున, ఆయవ్యయపట్టికనుగూర్చి జరిగిన సభలో ఒక న్యాయవాది చేసిన యుపన్యాసము.)



జైళ్ల పద్దునుగూర్చి మాటలాడుమని ఈ పఠనమందిరపు పెద్దలు నన్ను కోరినప్పుడు, వినుటకెవరు వత్తురాయని శంకించితిని. నీటిపారుదల పద్దనిన రైతు వచ్చును. విద్యాశాఖ పద్దనిన బిడ్డల తలిదండ్రులు వత్తురు. జైలు పద్దు ఎవరి యింటి సంగతి? అయినను ఇందరు వచ్చితిరి. మీకు నా నమస్కృతులు.

జైలు మనకు దూరపు వస్తువు కాదు. ఇచ్చటికి సమీపముననే, ముషీరాబాదున నేడు గాంధీ ఆసుపత్రి నిలిచియున్న చోట పూర్వము జైలుండెను. మీలో వృద్ధులు ఆ గోడలను చూచియే యుందురు. వరంగల్లులోను 2021లో అట్లే జరిగినది. 1886 నాటి కేంద్రకారాగారమును పడగొట్టి, ఆ స్థలమున పెద్ద ఆసుపత్రికి పునాది వేసిరి; ఖైదీలను చర్లపల్లి మొదలగు జైళ్లకు తరలించిరి. ఆసుపత్రి వలదని నేననను. కాని వరంగల్లు పల్లెలోని తల్లి కుమారుని ములాఖాతుకై ఇక హైదరాబాదు రావలెను గదా, ఆమె బస్సు చార్జీ మాటయేమని యడిగిన కంఠమును నేను వినలేదు. ఆ యడుగువాడు లేకపోవుటను గూర్చియే నేటి నా మనవి.

ముందుగా ఈ పద్దు నడచు త్రోవను చెప్పెదను. రాజ్యాంగపు ఏడవ షెడ్యూలున జైళ్లు రాష్ట్రముల జాబితాలో నాలుగవ యంశము. కావున ఖైదీ కూటికిని కాపలాకును బాధ్యత రాష్ట్రముదే. 2025-26 సంవత్సరమునకు తెలంగాణ ప్రభుత్వము సభయెదుట నుంచిన ఆయవ్యయపట్టిక 3,04,965 కోట్ల రూపాయలది. అందు హోంశాఖకు 10,188 కోట్లు. పోలీసు, జైళ్లు, అగ్నిమాపకదళము ఆ శాఖక్రిందివి. ప్రసంగమున మన చెవిని బడునది శాఖ మొత్తము. జైళ్ల వెచ్చమును చూడగోరువాడు లావుపాటి సంపుటములు తిరగవేసి 2056 అను పద్దుసంఖ్యను వెదకికొనవలెను. దాని పొరుగుననే 2055 సంఖ్యతో పోలీసు పద్దుండును. పంక్తిలో అన్న విస్తరి పెద్దదైనప్పుడు తమ్ముని విస్తరిని చూచువారు తక్కువ.

ఈ పద్దుపై బేరము మూడుచోట్ల సాగును. మొదటిది సచివాలయమున. జైళ్లశాఖ తనకు కావలసినది వ్రాసి పంపును, హోంశాఖ చూచును, ఆర్థికశాఖ కత్తెర పట్టును. సిబ్బంది జీతములు తప్పవు, దీపముల బిల్లు తప్పదు. కావున కత్తెరకు సుళువుగా దొరకునవి మరమ్మతులు, వైద్యము, ఖాళీ యుద్యోగముల భర్తీ. రెండవది సభావ్యవహారముల సలహాసంఘమున. ఏ దినమున ఏ పద్దులు చర్చకు రావలెనో, ఎవరికెంత కాలమో, పక్షముల నాయకులు అచ్చట తేల్చుకొందురు. మూడవది సభలో. గడువు ముగిసినంతనే, చర్చకు రాని పద్దులన్నియు నొక్కమారుగా ఓటునకు పెట్టబడును. ఫ్రెంచివారి తలనరుకు యంత్రము పేరిట దానిని గిలటిన్ అందురు. చర్చ లేకయే తల తెగు పద్దులలో ఏది చేరునో ఆ రెండవ చోటనే సగము నిశ్చయమగును.

ఇక సభ్యునికి గల యధికారమెంత? 203వ అధికరణము ప్రకారము శాసనసభ ఒక పద్దును అంగీకరింపవచ్చును, నిరాకరింపవచ్చును, తగ్గింపవచ్చును. పెంచుట దాని చేతిలో లేదు. గవర్నరు సిఫారసు, అనగా మంత్రివర్గపు సమ్మతి, లేనిదే ఏ పద్దును సభకు రాదు. కావున ఖైదీల వైద్యమునకు ఇంకొక లక్ష చేర్పుడని తీర్మానము తెచ్చుటకు సభ్యునికి వీలు లేదు. అతడు ఆ పద్దున నూరు రూపాయలు తగ్గింపుడని కోత తీర్మానమిచ్చి, ఆ నెపమున లేచి, ఇంకను ఎక్కువ యేల ఈయలేదని యడుగవలెను! ఈ విడ్డూరమును చూచి నవ్వకుడు. ఆ తీర్మానము నెగ్గదు. నెగ్గవలెనని ఎవరును తేరు. మంత్రిచేత సభలో బదులు చెప్పించుటయే దాని ఫలము. ఒక యేడు అడిగిన మాటకు మంత్రి సభాముఖమున వాగ్దానము చేసినచో, మరుసటి యేడు ఆర్థికశాఖ కత్తెర కొంచెము జంకును. బేరమనగా ఇంతియే. అయితే బేరమునకు అడుగువాడొకడుండవలెను.

పూర్వకథ కొంత స్మరింపుడు. మద్రాసు రాజధానిలో 1937కు ముందు నడచిన ద్వంద్వపాలనలో జైళ్లు మంత్రుల చేతికి రాలేదు. అవి రక్షితశాఖలలోనివి. శాసనమండలి ఆ పద్దును కోసినను, ఆవశ్యకమని గవర్నరు ధ్రువపరచినచో ఆ సొమ్ము తిరిగి చేరెడిది. ఇచ్చట నిజాం రాజ్యమున పద్దులపై ఓటు వేయగల ప్రజాశాసనసభయే లేదు. 1952 ఎన్నికలతో అట్టి సభ యేర్పడెను. అయినను ఆ తరమువారికొక మేలుండెను: పెద్దలలో పలువురు జైలుకూడు తిన్నవారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908 నాటి శిక్షతో వేలూరు జైలు చూచిరి. దాశరథి కృష్ణమాచార్యులవారును వట్టికోట ఆళ్వారుస్వామిగారును నిజామాబాదు జైలులో నుండిరి. ఆళ్వారుస్వామిగారు "జైలు లోపల" అను కథలే వ్రాసిరి. ఆ కాలమున జైలు సంగతులకు సాక్షులు కరవు కాలేదు. ఆ తరము గడచిపోయినది.

నేడు లోపలనున్నవారెవరు? 2022 చివరి లెక్క ప్రకారము దేశపు జైళ్లలో 5,73,220 మంది యుండిరి. వారిలో 4,34,302 మంది విచారణఖైదీలు. అనగా నలుగురిలో మువ్వురు ఇంకను దోషులని తీర్పు పడనివారు. వీరికి ఓటు లేదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్యచట్టము 62వ సెక్షను ఐదవ ఉపవిభాగము జైలులోనున్నవాడు ఓటు వేయరాదనుచున్నది. ముందుజాగ్రత్త నిర్బంధమున నున్నవారికి మాత్రమే మినహాయింపు. 1997లో సుప్రీంకోర్టు దీనిని సమర్థించినది. 2013లో పార్లమెంటు ఆ చట్టమును సవరించి, జైలునుండి ఎన్నికకు నిలుచుటకు అడ్డు లేదన్నది. కావున జైలునుండి ఓటు అడుగవచ్చును, వేయరాదు! ఒకే నేరము మోపబడిన ఇద్దరిలో జామీను దొరకినవాడు పోలింగు కేంద్రమునకు పోవును. జామీనుదారుడు దొరకనివాడు బ్యారకులో నుండును. ఈ రెండవవానిని తృప్తిపరచుటవలన ఏ యభ్యర్థికిని ఒక్క ఓటు హెచ్చదు. అతని పద్దుకొరకు ఎవరు బేరమాడుదురు?

ఇది నేను పుస్తకమున చదివిన మాట కాదు. 2011 సకలజనుల సమ్మె దినములలో ఉద్యమసేవకుడనై, తోడివారితో కూడ కొన్నినాళ్లు ఒక జైలున నుంటిని. మా ములాఖాతునకు జనము బారులు తీరిరి. పండ్లు వచ్చెను, పత్రికలు వచ్చెను. మమ్ము విడువుడని సభలో కంఠములు లేచెను. మా ప్రక్క బ్యారకున పాలమూరు తాలూకు మేస్త్రీ పనివాడొకడు, ఇరువది యేండ్లవాడు, ఉండెను. చరవాణి దొంగిలించెనని కేసు. కోర్టు జామీను మంజూరు చేసియే రెండు నెలలు దాటెను. పదివేల రూపాయల చొప్పున ఇద్దరు పూచీ యుండవలెను. నగరమున ఇంటిపన్ను రసీదు చూపి అతనికి పూచీ నిలుచువారెవరు? నేను బయటికి వచ్చిన పిమ్మట ఆ షరతును సడలింపించుటకు మరి మూడు వారములు పట్టెను. కేసు తుదకు కొట్టివేయబడెను. అతని నిలువ నీడను ప్రభుత్వమిచ్చెను, కూడు పెట్టెను, కాపలా పెట్టెను. ఆ వెచ్చమంతయు ఏ పద్దునుండి పోయెను? మనమిప్పుడు చెప్పుకొనుచున్న పద్దునుండియే. తిరిగివచ్చుసరికి అతని కూలిపని పోయెను, తల్లి అప్పులపాలయ్యెను. ఆ నష్టము ఏ సంపుటమునను కానరాదు.

"బడులకే చాలని ధనమును నేరస్థులకేల పోయవలె"నని కొందరందురు. కాపలా మీద చేసిన పొదుపు ఎక్కడికి దారితీయునో కోయిలకుంట్ల కథ చెప్పును. నాటి కర్నూలు జిల్లాలోని ఆ సబ్‌జైలుపై 1977 మే నెలలో ఒకరాత్రి బాంబులు పడి విచారణలోనున్న తండ్రి మరణించెను, కుమారుడు గాయపడెను. ప్రాణభయమున్నదని ముందే చెప్పినను తగిన కాపలా లేకపోయెను. సార్వభౌమాధికారము మాటున నష్టపరిహారము తప్పించుకొనజూచిన ప్రభుత్వవాదమును సుప్రీంకోర్టు 2000లో త్రోసిపుచ్చి, 1,44,000 రూపాయలును వడ్డియు ఈయవలెనన్న హైకోర్టు తీర్పునే నిలిపెను. ఇందొక న్యాయసూక్ష్మము గమనింపుడు. కోర్టు తీర్పు ప్రకారము చెల్లింపవలసిన సొమ్ము 202వ అధికరణమునుబట్టి సంచితనిధిపై నేరుగా మోపబడును. దానిపై సభ ఓటు అక్కరలేదు. ఖైదీని కాచుటకు సభ ఓటు కావలెను; కాచనందుకు పరిహారమిచ్చుటకు ఓటు పని లేదు. ముందు మిగిల్చితిమనుకొన్నది పిమ్మట అడుగకయే పోవును.

"జైలు తన ఖర్చును తానే సంపాదించుకొనవలె"నని మరికొందరందురు. మన జైళ్లశాఖ పెట్రోలు బంకులు నడుపుట మీరెరిగినదే. పని నేర్పుట మంచిది. కాని ఖైదీ శ్రమకు న్యాయమైన కూలి ఈయవలెనని 1998లో సుప్రీంకోర్టు చెప్పినది; విచారణఖైదీచేత బలవంతముగా పని చేయింపరాదు. లాభమును చూపి పద్దును కోసినచో, ఖైదీ తన తాళమునకు తానే కూలి చెల్లించినట్లగును.

అయితే జైళ్లకు ధనము పోయుడనుటయే నా కోరికయా? కాదు. లోపల నుండనక్కరలేనివారిని బయటికి పంపుటయే అన్నిటికంటె మేలైన పొదుపు. దీనికి త్రోవలు సిద్ధముగా నున్నవి. జామీను దొరకిన ఏడు దినములలో విడుదల కానివాని పేరును జైలు అధికారి జిల్లా న్యాయసేవాసంస్థకు తెలుపవలెనని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఆదేశించినది. నెలలోపల పూచీ కుదరనిచో షరతు సడలించుటను కోర్టు తానుగా ఆలోచింపవచ్చునని చెప్పినది. అదే యేడు కేంద్రప్రభుత్వము పేదఖైదీల సహాయపథకమును ప్రకటించినది: విచారణఖైదీ జామీనునకు 40,000 రూపాయల వరకు, జుర్మానా కట్టలేని శిక్షితునికి 25,000 వరకు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న నాగరిక సురక్షాసంహిత 479వ సెక్షను, తొలిసారి కేసున బడినవాడు ఆ నేరపు గరిష్ఠశిక్షలో మూడవవంతు కాలము లోపల గడపినచో, ఉరిశిక్షయో యావజ్జీవమో పడదగిన నేరములు తప్ప, విడువవలెననుచున్నది. త్రోవలున్నవి, నడిపించుటకు గుమాస్తా కావలెను, న్యాయవాది కావలెను, లెక్క కావలెను. అవి పద్దునుండియే రావలెను.

కావున మనము అడుగవలసినవి మూడు. 2056 పద్దును గిలటిన్‌నకు వదలక, పూటయైనను ప్రత్యేకముగా చర్చింపవలెను. జామీను దొరకియు లోపలనున్నవారెందరో జిల్లాలవారీగా లెక్క ఆ పద్దుతోడనే సభముందుంచవలెను. పేదఖైదీల సహాయధనము ఎంత వచ్చెనో, ఎందరి విడుదలకు పనికివచ్చెనో మంత్రి చెప్పవలెను. వీనిలో దేనికిని కొత్త చట్టము అక్కరలేదు.

ఇది సాగించుటకు ఒక్క సభ్యుడు చాలును, ఒక్క నూరు రూపాయల కోత తీర్మానము చాలును. మనము ముషీరాబాదు నియోజకవర్గపు ఓటర్లము. సమావేశములు ఆరంభము కాకముందే మన శాసనసభ్యునికి ఉత్తరము వ్రాయుదము. ఏ పక్షమువాడైనను మనకు భేదము లేదు. ఓటు లేనివాని మాటను ఓటున్నవాడు అడిగినప్పుడే ఆ మాటకు వెల కలుగును. కాగితము, కలము ఈ మందిరపు బల్లపై నున్నవి. ఇంటికి పోవుటకు ముందు చేవ్రాలు చేయుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.