సంక్రాంతియు, కళ్లపు మేరయు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన మహాసభ ధనుర్మాసమందు సమావేశమగుటచే, రానున్న పెద్దపండుగను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ముప్పదియైదేండ్లు బడిపిల్లలచేత శబ్దమంజరి వల్లెవేయించినవాడను గనుక శబ్దార్థముతో ప్రారంభింపనిదే నాకు నోరు రాదు. మీరు సహింపవలెను.

సంక్రాంతి యనగా దాటి ప్రవేశించుట. సూర్యుడు ఏటికి పండ్రెండు రాసులలో ప్రవేశించును గనుక సంక్రాంతులును పండ్రెండే. అందు మకరసంక్రమణము మనకు పెద్దపండుగయైనది. ఆ దినముననే ఉత్తరాయణము ప్రవేశించినట్లు సంకల్పమునందు చెప్పుదుము. కాని ఆకాశమున సూర్యుడు ఉత్తరమునకు మరలునది డిసెంబరు 21, 22 తేదీలలోనే. సుమారు పదునేడు వందల ఏండ్ల క్రిందట ఈ రెండును కలిసియుండెను. అయనచలనముచే 72 ఏండ్లకొక అంశ చొప్పున ఎడబడుచు వచ్చి, నేటికి అంతరము సుమారు 24 అంశలైనది. 1863లో మకరసంక్రాంతి జనవరి 12వ తేదీన వచ్చెను. వివేకానందస్వామి జన్మించిన దినమదియే. నేడది 14, 15 తేదీలకు జరిగినది. సూర్యుడు మరలినను మరలకున్నను, సార్వా పంట యింటికి చేరు కాలమిది. గ్రామమునకు పండుగ తెచ్చినది ఆ ధాన్యమే యని నా యభిప్రాయము.

భోగిమంటయు, చంటిపిల్లల తలపై రేగుపండ్లు, చెఱకుముక్కలు, చిల్లరడబ్బులు కలిపి పోయుటయు, పండుగనాటి కొత్తబియ్యపు పొంగలియు, పితృతర్పణమును, గుమ్మడికాయ దానమును, కనుమనాటి పశుపూజయు, మినపగారెలును మీరెఱుగనివి కావు. అరిసెలను గూర్చి మాత్రము ఒక్కమాట. అవి ఒక్కచేతి పని కావు. నానిన బియ్యము తడియారకుండ దంచువారొకరు, జల్లించువారొకరు, బెల్లపుపాకమును నీటిలో వేసి ఉండకట్టునేమో చూచువారొకరు, ఆకుపై తట్టి నేతిలో విడుచువారొకరు, రెండు గరిటెల నడుమ నొత్తి తీయువారొకరు. నలుగురు ఇరుగుపొరుగు స్త్రీలు చేరనిదే ఒక యింటి అరిసెలు కాకుండెడివి. నేడవి అంగడినుండి డబ్బాలలో వచ్చుచున్నవి. వాని రుచిని విమర్శింపను; విమర్శించుటకు తగిన పండ్లు నాకిప్పుడు లేవు.

అరిసె యెట్లో పండుగయు నట్లే. ధనుర్మాసమంతయు అక్షయపాత్ర తలనిడుకొని, చిడతలు వాయించుచు వచ్చు హరిదాసును, సన్నాయితో వచ్చు గంగిరెద్దులవారును, గొబ్బెమ్మలు పెట్టు ఆడపిల్లలును, చూరునకు వ్రేలాడు వరికుచ్చులపై వ్రాలు పిచ్చుకలును లేక మన వాకిట పండుగ లేదు. కాని వీరందఱికంటె ముందు, కళ్లములోనే పండుగ ప్రారంభమగుచుండెను. నేను చెప్పదలచినది ఆ కళ్లమును గూర్చి.

పూర్వము కోసిన పంటను కుప్పవేసి, నూర్చి, తూర్పారబట్టి రాశి పోసినపిమ్మట ఆ రాశి తిన్నగా గాదెకు పోవునది కాదు. మొదట మేరలు కొలువవలెను. నాగలి చెక్కిన వడ్రంగికి, కఱ్ఱు కాచిన కమ్మరికి, కుండలిచ్చిన కుమ్మరికి, బట్టలుతికిన రజకునకు, క్షురకునకు, నీరు కాచినవానికి, చెప్పులు కుట్టి డప్పు మ్రోగించిన తోలుపనివారికి వరుసగా కొలిచినపిదప మిగిలినదే మనది. వీరిలో ఒక్కరును మన కులమువారు కారు. ఇది కులసభ గనుకనే ఈ మాట ఇచ్చట చెప్పుచున్నాను.

మేరను దానమని కొందఱు పెద్దలు గర్వముగా చెప్పుట వినియున్నాను. దానము కాదు, కూలి. ఏడాది పొడుగున చేసిన పనికి రొక్కము ముట్టక, కళ్లమువఱకు నిలిచిన బాకీ. దానినైనను మనము గౌరవముగా తీర్చితిమా? కొందఱిని కళ్లపు గట్టు వెలుపలనే నిలిపి, దూరమునుండి కొంగులో పోసితిమి. అట్టి మేరలు మరల రావలెనని నేను కోరను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణముచే అంటరానితనము నిషేధింపబడినది. పనికి వెంటనే రొక్కపు కూలి వచ్చుటయు మేలే.

అయితే మేరతోపాటు ఒక తలంపును పోయినది. ధాన్యము మన గడప దాటకముందే అందు పరుల భాగమున్నదను తలంపది. ఇప్పుడు కోతయంత్రము ఉదయము చేనిలో దిగినచో సాయంకాలమునకు వడ్లు సంచులలోనికెక్కి మిల్లునకు పోవుచున్నవి. కళ్లము లేదు, రాశి లేదు, కొలుచువాడు లేడు. వచ్చిన వెల బ్యాంకు పుస్తకములో అంకెయై కనబడును. అంకె యెదుట ఎవ్వరును కొంగుపట్టి నిలువరు గదా!

కోనసీమలో జగ్గన్నతోటకు కనుమనాడు పదునొక్క గ్రామములనుండి ఏకాదశరుద్రుల ప్రభలు చేరుట మీలో పలువురు చూచియుందురు. వెదురుతో కట్టి రంగువస్త్రములు చుట్టిన ఆ ప్రభలను భుజములపై మోయుచు, కౌశిక నీటిలో దిగి, పచ్చని చేలమీదుగనే తెత్తురు. పైరు త్రొక్కబడినదని రైతు వగవడు. స్వామి తన చేను దాటెనని సంతసించును. ఆ పాత తలంపు అచ్చట ఇంకను బ్రదికియున్నది.

మన యిండ్లలో పండుగ సొమ్మెట్లు పోవుచున్నది? కొత్తయల్లునికి వందలకొలది వంటకములు వడ్డించి, ఆ విస్తరి ఛాయాచిత్రమును లోకమంతయు చూచునట్లు పంపుచున్నారు. తినునది ఒక్క కడుపు. అది చూచి, రెండెకరముల కౌలుదారు తన కూతురు అత్తవారింట చులకన కాకుండవలెనని వడ్డీకి తెచ్చుచున్నాడు. అట్టివారు ఈ పందిటిలోనే కలరు. కోడిపందెములను గూర్చి నేనేమియు చెప్పను. చెప్పినను, వినవలసినవారు ఆ మూడు దినములును ఇంటనుండరు.

కావున నా సూచన యిది. భూమిగల ప్రతి గృహస్థుడును ఎకరమునకొక కుంచము చొప్పున వడ్లనో, వాని వెలనో మన విద్యార్థి వసతిగృహమునకు ఈయవలెను. ఆ వసతిగృహమున పదింట రెండు స్థానములను, మన కళ్లములలో మేర పుచ్చుకొన్న యిండ్ల పిల్లలకు, కులము విచారింపక, కేటాయింపవలెను. నిన్న విషయనిర్ణయసభలో ఈ మాట యనగా ఒక పోషకులు "అయ్యవారూ, మన ధనము మన పిల్లలకే చాలుట లేదు" అని సెలవిచ్చిరి. చాలుట లేదు, నిజమే. వారి యింట మొన్నటి యేడు జరిగిన అల్లుని విందు వ్యయముతో ఎందఱు బాలురకు ఏడాది భోజనము జరుగునో లెక్కవేయుడని వారికే మనవి చేసితిని. వారు నవ్విరి గాని కాదనలేదు.

ఈ సాయంకాలము తీర్మానము మీ యెదుట పెట్టబడును. పందిరి ద్వారమున ఒక కుంచమును, దానిచెంత పేర్లు వ్రాయు పుస్తకమును ఉంచితిమి. మొదటి పంక్తిలో నా పేరును, నాకున్న ఎకరమున్నరకు తగిన వెలయును వ్రాసితిని. రెండవ పంక్తి ఖాళీగానున్నది.